కుర్సీకి బొట్టు

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. మొదట ఆసిఫాబాద్‌లో, తరువాత నిర్మల్‌లో, చివరికి కరీంనగర్‌లో. ప్రతి ఏడూ ఒక పాఠం వచ్చేది: "కార్యనిర్వాహక శాఖపై శాసనశాఖ అదుపు." బోర్డు మీద ఆ పేరు రాయగానే వెనక బెంచీలు ఆవలించేవి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆవలింత వచ్చేది. ప్రభుత్వం ఏం చేసినా పార్లమెంటు అడుగుతుంది, మంత్రి జవాబు చెప్పి తీరాలి అని గొంతు చించుకునేదాన్ని. అడిగితే ఏమవుతుందో, ఆ జవాబు ఎట్లా ఉంటుందో నేనెన్నడూ కళ్ళతో చూడలేదు. ఈత రానిదాన్ని ఒడ్డున కూర్చుని ఈత నేర్పాను.

రిటైరయ్యాక ఆ పాపం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా ఎంపీ గారి పీఏ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు వాడికీ బట్టతల, పొట్ట వచ్చాయి. ఒకరోజు ఇంటికొచ్చి, "మేడం, మా సారుకు పార్లమెంట్ల ప్రశ్నలు రాసిచ్చేటోళ్ళు కావాలె. ఇంట్ల ఊకె కూసుంటే మోకాళ్ళు పట్టేస్తయి, రాండ్రి" అన్నాడు. మోకాళ్ళ సంగతి వాడికెవరు చెప్పారో మా ఆయన్నే అడగాలి. ఏ ఎంపీ, లోక్‌సభా రాజ్యసభా అని మాత్రం నన్నడగకండి. చెబితే ఇట్టే పట్టేస్తారు. మంచి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఇంకా మెల్లగా నడుస్తాడు. అంతకన్నా ఆనవాళ్ళివ్వను.

పార్లమెంటు ప్రశ్నకు ఒక అచ్చుంది. "ఫలానా మంత్రి ఈ కింది విషయాలు తెలియజేయగలరా" అని మొదలుపెట్టాలి. (ఎ) ఫలానాది నిజమేనా. (బి) నిజమైతే, వివరాలేమిటి. (సి) కాకపోతే, కారణాలేమిటి. వాదన ఉండకూడదు, విశేషణాలు ఉండకూడదు, ఎత్తిపొడుపు మాటలు అసలే ఉండకూడదు. ఎత్తిపొడుపు లేకుండా రాయమని నన్నడగడం ఉప్పు లేకుండా తొక్కు నూరమన్నట్టే. మొదటి నెల రాసినవన్నీ పీఏ వెనక్కి పట్టుకొచ్చాడు. "మేడం, గీడ 'ఇప్పటికైనా' అని రాసిండ్రు. గది ఎత్తిపొడుపంట, తీసెయ్యమన్నరు." తీసేశాను. కడుపులో మంట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ మంట ఇంట్లో తీర్చుకునేదాన్ని. "పొయ్యి మీది పాలు దించారా, దించితే వివరాలేమిటి, దించకపోతే కారణాలేమిటి" అని కేకేసేదాన్ని. మా ఆయన పేపరు వెనక నుంచి, "సమాచారం సేకరిస్తున్నాం" అనేవాడు. ఈలోగా పాలు పొంగిపోయేవి.

ఆమె ఎంపీ గారి ఆఫీసుకు వచ్చింది ఉగాదికి ముందు, బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నప్పుడు. లక్సెట్టిపేట దాటాక గోదావరి పక్కన ఊరు. బీడీలు చేస్తుంది. తునికాకు పసరుకు వేళ్ళ చివర్లు నల్లబడి ఉన్నాయి. పొట్టిగా, చురుగ్గా, ఎవరినీ లెక్కచేయని చూపు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త పాస్‌పోర్టు నకలు, కంపెనీ కాగితాలు. వాళ్ళ వాడలో మగవాళ్ళంతా దుబాయికో మస్కట్‌కో పోతే, ఈమె భర్తను ఏజెంటు మరో దేశానికి పంపాడు.

"ఆడ మనోళ్ళు తక్కువ, పోటీ ఉండది అన్నడు మేడం. తీరా పోయినంక జూస్తే ఆడ కుర్సీకే పోటీ!"

ఆ దేశం పేరు కూడా చెప్పను. అక్కడ ఎన్నికలు జరిగాయి. పాత అధ్యక్షుడు నేనే గెలిచానన్నాడు. ఎదురు నిలబడ్డవాడు కాదు, నేను గెలిచానన్నాడు. ఇద్దరూ ప్రమాణం చేశారు. ఇద్దరికీ మంత్రులు, ఇద్దరికీ పోలీసులు, ఇద్దరికీ రబ్బరు ముద్రలు. కొన్ని దేశాలు ఇతనే అసలువాడన్నాయి, కొన్ని అతను అన్నాయి. మన ప్రభుత్వం ఎవరినీ ఏమీ అనలేదు. మన రాయబార కార్యాలయం మాత్రం తలుపులు తెరుచుకునే ఉంది.

ఈమె భర్త అక్కడ సిమెంటు పైపులు పోసే కంపెనీలో పనిచేసేవాడు. గొడవలకు దీపావళప్పుడే కంపెనీ మూతపడింది, ఉండడానికిచ్చిన పర్మిట్ గడువు దాటిపోయింది. దేశం దాటాలంటే అక్కడి కార్మిక శాఖ అనుమతివ్వాలి. ఆ అనుమతి రావాలంటే మన రాయబార కార్యాలయం కార్మిక మంత్రికి ఒక ఉత్తరం రాయాలి. ఏ మంత్రికి? ఇతని పేరు రాస్తే ఇతని ప్రభుత్వాన్ని ఒప్పుకున్నట్టు, అతని పేరు రాస్తే అతనిది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని మనవాళ్ళు ఎవరికీ రాయలేదు. ఈ మనిషి కంపెనీ రేకుల షెడ్డులో దాక్కున్నట్టు ఉంటున్నాడు. పర్మిట్ లేకుండా రోడ్డెక్కితే ఏ పోలీసు పట్టుకున్నా జైలే.

"ఒక్క ఉత్తరం మేడం. మా ఊరి పోస్టుమాస్టర్ను అడిగితే పావుగంటల రాసిస్తడు" అంది ఆమె.

అంటూండగానే ఫోన్ మోగింది. పగలు పదకొండు. రోజూ ఆ వేళకే భర్త చేస్తాడట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. "ఆఁ... వంకాయ... ఆఁ, ఎండు చాపలేసి..." అని పెట్టేసింది. నేను చూస్తున్నానని తెలిసి కొంచెం సిగ్గుపడింది.

"ఇంకేం మాట్లాడడు మేడం. దినాం కూరేంది అంటడు, నేను చెప్త, పెట్టేస్తడు. ఆడ ఏం తింటుండో అడిగితె మాత్రం చెప్పడు."

ఆ రోజే ప్రశ్న రాశాను. ఆ దేశంతో మన దౌత్య సంబంధాల స్థితి ఏమిటి, అక్కడ చిక్కుకున్న మనవాళ్ళను రప్పించడానికి ఏం చేస్తున్నారు, చేస్తుంటే వివరాలేమిటి, చేయకపోతే కారణాలేమిటి. మిత్రదేశాన్ని కించపరిచే మాట ఉండకూడదని ఇంకో నియమముంది. "ఇందులో మిత్రుడెవడురా?" అని పీఏను అడిగాను. "ఇద్దర్ల ఎవల్నీ ఏమనకుండ్రి మేడం, గదే మంచిది" అన్నాడు. వాణ్ణి విదేశాంగ శాఖలోకి ఎందుకు తీసుకోలేదో తెలియదు.

ప్రశ్నల్లో రెండు రకాలున్నాయని ఆమెకు వివరంగా చెప్పాను, పాత అలవాటు కదా. చుక్క గుర్తు పడ్డ ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, ఎదురు ప్రశ్నలు కూడా వేయవచ్చు. చుక్క లేనిదానికి కాగితం మీద జవాబు రాసి పడేస్తారు. దేనికి చుక్క పడుతుందో చీటీలు తీసి తేలుస్తారు. మాదానికి పడలేదు.

"అంటే చుక్క లేనిది ఢిల్లీల గూడ ఎవలు లేవరన్నట్టు" అంది ఆమె తాపీగా. "మా ఊళ్ళె ఓట్లప్పుడే చుక్క, ముక్క అడుగుతరనుకున్న. పైదాంక గదే ఉన్నదా?"

పీఏకు టీ పొలమారింది. నాకూ నవ్వాగలేదు. కానీ ఆమె నవ్వలేదు. కవరు మడత సరిచేసుకుని లక్సెట్టిపేట బస్సుకు టైమైందని లేచింది.

జవాబు వచ్చిన రోజు ఆమెను పిలిపించాను. నాలుగు భాగాలుగా ప్రశ్న అడిగితే నాలుగింటికీ కలిపి రెండు వాక్యాలు పంపారు. "(ఎ) నుంచి (డి) వరకు: ఆ దేశంలోని పరిస్థితిని ప్రభుత్వం నిశితంగా గమనిస్తోంది. విదేశాల్లోని భారత పౌరుల సంక్షేమానికి ప్రభుత్వం అత్యంత ప్రాధాన్యం ఇస్తుంది." చదివి తెలుగు చేసి చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను.

"నిశితంగ అంటే ఏంది మేడం?"

"కన్నార్పకుండా, బాగా దగ్గరగా చూడడం."

"గంతేనా! గట్లయితే నేను గూడ గమనిస్తున్న, దీపావళి సంది. మరి నన్ను గూడ సర్కారే అంటరా?"

  అడిగితే చెప్పి తీరాలి అని ఇన్నేళ్ళు పిల్లల చెవుల్లో జోరీగలా పాడాను. చెప్పారు మరి, ఇదిగో చెప్పారు! ఆ సాయంత్రం కోపం పట్టలేక మంత్రి గారికి ఒక ఉత్తరం రాశాను. అందులో విశేషణాలు, వాదనలు, ఎత్తిపొడుపులు, నియమాలు వద్దన్నవన్నీ ఉన్నాయి. ఎంపీ గారు మెల్లగా చదివి, మెల్లగా మడిచి, జేబులో పెట్టుకున్నారు. "మస్తు రాసిండ్రు మేడం. దీన్ని నేనే ఉంచుకుంట. వానకాలం సమావేశాలల్ల మళ్ళ అడుగుదాం, మన నోరు ఎవలు మూసిండ్రు?" అన్నారు.

ఎండాకాలం గడిచింది. ఆమె నెలకొకసారి వచ్చేది. మూడో రాకకు నేను మేడం కాస్తా పెద్దమ్మనయ్యాను. జుట్టుకు రంగేసుకున్నా ఫలితం లేకపోయింది.

శ్రావణంలో ఒకరోజు టిఫిన్ డబ్బాతో వచ్చింది. పోచమ్మ బోనాల ప్రసాదం, బెల్లపన్నం. నాకు బొట్టు పెట్టి, డబ్బా చేతిలో పెట్టింది. ఊసుపోక, "బోనాలు బాగా జరిగాయా? మీ సర్పంచ్ ఏమైనా చేశాడా?" అని అడిగాను.

"ఏ సర్పంచ్ పెద్దమ్మా? మాకు ఇద్దరున్నరు."

వాళ్ళ ఊళ్ళో లెక్కింపు దగ్గర తగాదా వచ్చి, ఇద్దరూ నేనే గెలిచానంటే నేనే గెలిచానని కోర్టుకు పోయారట. రెండేళ్ళుగా తీర్పు రాలేదు. పోచమ్మకు బోనాలెత్తే ముందు డప్పులతో వెళ్ళి సర్పంచ్‌కు బొట్టు పెట్టి పిలవడం ఆ ఊరి ఆనవాయితీ. ఒకరి ఇంటికి పోతే రెండోవాడు అలుగుతాడు, వాడి వాడకట్టు మొత్తం బోనమెత్తదు. ఎవరినీ పిలవకపోతే అమ్మవారికి అపచారం.

"మరేం చేశారు?"

"ఏం జేస్తం? పంచాయతి ఆఫీసుకు పోయి కుర్సీకి బొట్టు పెట్టినం."

"కుర్సీకా?"

"ఆఁ, కుర్సీకే. నిరుడు గూడ గిట్లనే జేసినం. పసుపు, కుంకుమ, కొన్ని బియ్యం గింజలేసి, 'అమ్మా కుర్సీ, ఎల్లుండి బోనాలు, రావాలె' అని డప్పు కొట్టి ఒచ్చినం. గా కుర్సీ నాదే అని ఈయన ఒచ్చిండు, నాదే అని ఆయనొచ్చిండు. ఇద్దరు తలా ఒక దిక్కు నిలబడి మొక్కిండ్రు. మాకేం ఫికర్? బోనాలు మంచిగైనయి."

బెల్లపన్నం తింటున్న చెంచా కింద పెట్టేశాను. ఒక పెద్ద దేశం విదేశాంగ శాఖకు ఇన్ని నెలలుగా తట్టని ఉపాయం పోచమ్మ గుడి దగ్గర డప్పులు కొట్టేవాళ్ళకు తట్టింది. ఉత్తరం మనిషికి ఎందుకు రాయాలి? కుర్సీకి రాస్తే పోలేదా!

"నువ్వు ఈ ముచ్చట ఉగాదికే చెప్పొద్దా?" అని అరిచినంత పని చేశాను.

"మీరు అడిగితె గద? గా రోజుల్ల మీరే చెప్పుడు, నేను వినుడు" అంది. ఆ దెబ్బ నాకు బాగానే తగిలింది.

ఆమె లేచేముందు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "అయిదు రోజులాయె ఫోన్ రాక. పదకొండు గొడ్తది, మోగది. కూరైతె దినాం వండుతనే ఉన్న పెద్దమ్మా. ఎప్పుడన్న చేసి అడిగితె చెప్పాలె గద." అంతవరకు నవ్వుతూ మాట్లాడిన మనిషి ఖాళీ డబ్బా మూత పెట్టలేక తడబడింది. నేను పెట్టిచ్చాను.

అప్పుడు నాకు ఆ పేరా గుర్తొచ్చింది. శాసనశాఖ అదుపు పాఠంలో చివరన నాలుగు వరుసలుండేవి: ప్రభుత్వ హామీల కమిటీ. మంత్రి సభకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా లేదా అని చూసే కమిటీ అది. పరీక్షకు రాదు, వదిలేయండి అని ప్రతి ఏడూ నేనే కొట్టేయించేదాన్ని. పాత పుస్తకం దించి, పీఏ తెచ్చిన నియమాల పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. ఏ మాట అంటే హామీ కింద లెక్కో అందులో ఒక జాబితా ఉంది. "గమనిస్తోంది" అందులో లేదు. "పరిశీలిస్తాం" ఉంది. ఆ మాట ఒక్కసారి జవాబులో పడితే మూడు నెలల్లో ఏం పరిశీలించారో, ఏం చేశారో తేల్చి చెప్పాల్సిందే. మా ఆయన రోజూ వాడుకునే "సమాచారం సేకరిస్తున్నాం" కూడా హామీయేనని అప్పుడే తెలిసింది. పొంగిన పాల లెక్క ఇంకా తేల్చుకోవాల్సి ఉంది.

ఇక ప్రశ్న ఎట్లా ఉండాలంటే, ఢిల్లీలో జవాబు రాసే గుమాస్తా బద్ధకంగా కలం పట్టుకున్నా "పరిశీలిస్తాం" అనే మాటే పడాలి. మూడు రోజులు కూర్చున్నాను. "ఒక దేశంలో అధికారం వివాదంలో ఉన్నప్పుడు, అక్కడ చిక్కుకున్న భారత పౌరుల కోసం రాసే లేఖలను వ్యక్తి పేరిట కాక పదవి పేరిట రాసే సూచనను ప్రభుత్వం పరిశీలిస్తుందా, అయితే, వివరాలేమిటి, కాకపోతే, కారణాలేమిటి?" కుర్సీ లేదు, పసుపు కుంకుమలు లేవు, డప్పు లేదు. అయినా బోనాల వాసన నాకు తెలుస్తూనే ఉంది.

దీనికీ చుక్క పడలేదు. కాగితం మీదే జవాబు వచ్చింది: "(ఎ) సూచనను పరిశీలిస్తాం. (బి), (సి): ప్రశ్న తలెత్తదు."

పీఏ, నేను పండుగ చేసుకున్నాం. ఫోన్‌లో ఆమెకు చెప్పాను. నీరసంగా, "గమనిస్తుండ్రు పోయి పరిశీలిస్తుండ్రు ఒచ్చింది. ఏం ఫరకున్నది పెద్దమ్మా?" అంది.

"గమనించేవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేరు. పరిశీలిస్తానన్నవాణ్ణి మాత్రం ఏమైందని అడిగే కమిటీ ఉంది. వాడు మాటిచ్చి దొరికిపోయాడు."

"దొరికితె వదిలిపెట్టకుండ్రి మరి" అంది. అప్పటికి ఫోన్ రాక ఇరవై ఆరు రోజులు.

మర్నాడు పొద్దున, అంటే ఇరవై ఏడో రోజు, పదకొండు దాటాక నాకు ఫోన్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోందో, నవ్వుతూ ఏడుస్తోందో తెలియలేదు. షెడ్డులో కరెంటు పోయి ఫోన్ ఛార్జింగ్ లేకుండా పోయిందట, అంతే. "కూరేంది అన్నడు పెద్దమ్మా. ఇరవై ఏడు రోజుల కూరలు ఒక్క తీరుగ చెప్పిన. బీరకాయ, పప్పుచారు, చింతచిగురు... అన్నీ ఇన్నడు. పెట్టెయ్యలే." 

ఎంపీ గారు తన మెల్లని పద్ధతిలో హామీల కమిటీకి రాశారు, గుర్తుచేస్తూ మళ్ళీ రాశారు, కమిటీలో ఉన్న ఒకాయనకు టీ తాగుతూ కుర్సీ కథ చెప్పారు. ఆయన తొడ చరిచి నవ్వాడట. కమిటీ విదేశాంగ శాఖను పరిశీలన ఎంతవరకొచ్చిందని అడిగింది. అడిగాక గానీ పరిశీలన మొదలుకాలేదని నా అనుమానం. ఇది ఎత్తిపొడుపే, ఇక్కడ నియమం లేదు కాబట్టి ఉంచేస్తున్నాను. మొత్తానికి రాయబార కార్యాలయం నుంచి ఉత్తరం వెళ్ళింది. పైన ఏ పేరూ లేదు. "కార్మిక శాఖ మంత్రి పదవికి" అని మాత్రమే ఉంది.

తరువాత జరిగింది ఆమె భర్తే ఫోన్‌లో చెప్పాడట. ఆ ఉత్తరం ఒక మంత్రి ఆఫీసుకు పోగానే, ఈ పదవి నాదే కదా అని ముద్ర కొట్టి అనుమతిచ్చాడు. అది విని రెండో మంత్రి, భారతదేశం రాసింది నాకే అని ఇంకో అనుమతి కాగితం పిలిచి మరీ ఇచ్చాడు. బొట్టుకు ఇద్దరూ వచ్చారు. వద్దన్నా రెండు అనుమతులతో అతను విమానమెక్కాడు.

బతుకమ్మకు వారం ముందు ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. "హామీ నెరవేరింది" అని ఒక్క వరుస. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో చెప్పిన పాఠం నిజంగా పనిచేసిందనడానికి అదొక్కటే రుజువు నా దగ్గర. దాన్ని ఆమెకు చదివి వినిపించాలని నేనే లక్సెట్టిపేట బస్సెక్కాను.

వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. అర్రలో నులకమంచం మీద ఒక మనిషి గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. చిక్కి సగమయ్యాడు, పాదాల పగుళ్ళలో ఇంకా సిమెంటు తెల్లగా ఉంది. ఆమె గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బీడీల చాట ఉంది గానీ కత్తిరించిన ఆకు కత్తిరించినట్టే ఉంది, ఒక్క బీడీ చుట్టలేదు. నేను వచ్చినా లేవలేదు, చేత్తోనే పక్కన కూర్చోమంది.

"ఏం చేస్తున్నవే?" అన్నాను గుసగుసగా.

మంచం మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"గమనిస్తున్న పెద్దమ్మా. నిశితంగ."

కాగితం సంచిలోంచి తీయలేదు. ఆమె పక్కన గడప మీద కూర్చుని, కూర అడుగంటే దాకా నేనూ గమనించాను.